ఎర్రర్ చదివే ఓపిక ఎవరికీ లేదు

మైఎస్‌క్యూఎల్ నేర్చుకునే ప్రతి కుర్రాడూ మొదటి వారంలోనే నా దగ్గరికొస్తాడు. "సార్, యాక్సెస్ డినైడ్ అంటోంది." ఆ లైను చివర్న 'యూజింగ్ పాస్‌వర్డ్: నో' అని కూడా ఉంటుంది. నువ్వసలు పాస్‌వర్డే ఇవ్వలేదురా నాయనా అని అది నెత్తీనోరూ బాదుకుంటోందన్నమాట. అక్కడిదాకా చదివేదెవరు? సెల్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు. అదీ వంకరగా, సగం తెర.

మా రోజుల్లో కంప్యూటర్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని ఎక్కించుకునేవాళ్లం. నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, మాన్యువల్ పేజీలు ఫ్లాపీలో పట్టుకొచ్చుకునేవాళ్లం. జవాబు కోసం డబ్బు కట్టాలి కాబట్టి, ప్రశ్న అడిగే ముందు ఎర్రర్‌ని అక్షరం అక్షరం చదివేవాళ్లం.

అలాగని అప్పటి మైఎస్‌క్యూఎల్ గొప్పదని నేననను. ఏది పెడితే అది మింగేది. పది అంకెల సెల్ నంబరు 'ఇంట్' కాలమ్‌లో వేస్తే, పట్టదని చెప్పాల్సింది పోయి, తనకు పట్టే అతి పెద్ద సంఖ్య రాసేసి ఓ వార్నింగ్‌తో సరిపెట్టేది. ఒక ఆఫీసులో టేబుల్ తెరిచి చూశాను, కస్టమర్లందరికీ ఒకటే ఫోన్ నంబరు: 2147483647. ఎవరికి చేసినా ఫోన్ కలవట్లేదని అక్కడివాళ్లు సెల్ కంపెనీని తిడుతున్నారు! ఫిబ్రవరి 30 అని ఇస్తే తేదీ మొత్తం సున్నాలు పెట్టేది. చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తే మర్యాదగా తీసుకుని పక్కన పడేసేది. దాన్ని నిజంగా అమలు చేయడం మొదలుపెట్టింది 2019లో, 8.0.16 వెర్షన్‌తో.

ఇక తెలుగు సంగతి. అప్పట్లో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1, అక్షరాల వరస స్వీడిష్ వాళ్లది. పుట్టింది స్వీడన్ కంపెనీలో కదా మరి. 'సుబ్బారావు' అని వేస్తే వరసగా ప్రశ్నార్థకాలు కనబడేవి. యూటీఎఫ్8 వచ్చాక మన అక్షరాలు బతికిపోయాయి, వాటికి మూడేసి బైట్లు చాలు. ఎమోజీకి నాలుగు కావాలి, అది ఆ యూటీఎఫ్8లో పట్టదు. దానికోసం 2010లో యూటీఎఫ్8ఎంబీ4 తెచ్చారు, 2018లో 8.0తో డిఫాల్ట్ చేశారు. అయినా యూటీఎఫ్8 పెట్టమనే పాత జవాబేదో కాపీ కొట్టి, కస్టమర్ చప్పట్ల బొమ్మ పెట్టగానే 'ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ' అంటూ పరిగెత్తుకొచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

డేటాబేస్‌కి నోరు లేని ఆ రోజుల్లో జాగ్రత్త మేమే పడ్డాం. 2015లో 5.7 వచ్చి స్ట్రిక్ట్ మోడ్‌ని డిఫాల్ట్ చేసింది. ఇప్పుడు తప్పు డేటా ఇస్తే తీసుకోనంటుంది, అడ్డదిడ్డంగా గ్రూప్ బై రాస్తే ఒప్పుకోదు. మావాళ్లేం చేస్తారు? నెట్‌లో వెతికి ఎస్‌క్యూఎల్ మోడ్‌ని ఖాళీ చేసేస్తారు. "ఎర్రర్ పోయింది సార్!" అని మొహం వెలిగిపోతుంది. కుక్కర్ కూత భరించలేక దాని మీద గుడ్డ కప్పడం లాంటి పని ఇది.

'టూ మెనీ కనెక్షన్స్' అన్నా అదే వైద్యం. డిఫాల్ట్ 151ని ఐదు వేలు చేస్తారు. తెరిచింది మూద్దామని మాత్రం తోచదు.

'వేర్' మరిచిపోయి డిలీట్ కొట్టేవాళ్లు మాత్రం అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల కోసమే 'ఐ యామ్ ఎ డమ్మీ' అని నిజంగానే ఓ ఆప్షన్ పెట్టారు. దాంతో లోపలికెళ్తే, కీ మీద వేర్ షరతో, లిమిటో లేని డిలీట్‌ని, అప్‌డేట్‌ని అది ససేమిరా అంటుంది. అందరూ వాడాల్సిందే. కానీ నేను డమ్మీనని ఎవడొప్పుకుంటాడు?

సరే, నన్ను అడగొద్దనను. అడిగే ముందు ఎర్రర్‌ని మొత్తం అక్షరాల్లో కాపీ చేయండి, 'షో వార్నింగ్స్' అని కొట్టి ఏం వచ్చిందో అది కూడా పంపండి. ఫొటోలకు నేను జవాబివ్వను.