బాయిలర్ కాడి బావ

"బావా, నీళ్లు 40 డిగ్రీలు దాటొద్దు." సంక్రాంతికి దిగినప్పటి నుంచి మా బామ్మర్దిది ఇదే పాట. ఏదో రిసార్టులో కట్టెల మంటతో కాగే తొట్టిలో మెడదాకా మునిగొచ్చాడట. మక్తల్‌లో మేం పుట్టిన్నాటి నుంచి కట్టెలతో కాగిన నీళ్లే పోసుకుంటున్నాం. బిల్లు ఎవరూ వేయలేదు గనుక అదొక వైభోగమని తెలియలేదు.

మా పెరట్లోది రాగి బాయిలర్. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్లు, కింద మంట. పైన చెంబెడు చన్నీళ్లు పోస్తేనే పక్క నుంచి చెంబెడు వేడినీళ్లు వస్తాయి. మా ఇంట్లో అందరికీ రావడం తెలుసు, పోయడం నాకొక్కడికే తెలుసు. నీళ్లు లేకుండా మంట పెడితే అతుకులు ఊడతాయన్న భయమూ నాదే. పత్తికట్టె భగ్గుమని ఆరిపోతుంది. సర్కారు తుమ్మ మొద్దు బతిమాలించుకుని గానీ అంటుకోదు. ఆ బతిమాలడమూ నా వంతే.

చలిగా ఉంది, బాయిలర్‌ను బాత్రూంలో పెడదామన్నాడు బామ్మర్ది. మూసిన గదిలో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే పడగొడుతుంది. కండ్లు మండించే పొగే నయం, కనీసం చెప్పి వస్తుంది.

బామ్మర్ది మునిగిన తొట్టి లాంటిదే జపాన్‌లోనూ ఉంది, అడుగున మంట పెట్టే ఇనుప తొట్టి, పేరు గొయెమొన్ బురొ. గొయెమొన్ ఒక దొంగ. మన చార్మినార్ లేచిన మూడేండ్లకు, 1594లో, అతణ్ని కాగులో వేసి ఉడికించి చంపారట. ఆ పేరు పెట్టుకున్న తొట్టిలోకి జనం స్నానానికి ఇష్టంగా దిగుతారు! అరికాళ్లు కాలకుండా, నీళ్లమీద తేలే చెక్కను తొక్కి ముంచి దానిమీద కూర్చుంటారు. దొంగ పేరు తొట్టికి దక్కింది. ఉడికించమన్న దొర హిదెయోషి పేరు చరిత్రకెక్కింది. కింద కట్టెలు ఎగదోసినవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. మా ఇంట్లోనూ అంతే. అందరి స్నానాలూ అయ్యాక, బూడిద పట్టిన మొహంతో, అడుగున మిగిలిన నీళ్లు నాకు.

అయినా 40 లెక్క తప్పేం కాదు. అంతకు మించిన నీళ్లలో నానితే తల తిరగొచ్చు. మందు కొట్టి దిగితే మరీ ప్రమాదం. ముసలి తోలుకు వేడి సరిగ్గా తెలియదు కూడా. మా బాపు చివరి రోజుల్లో వీపు ఎర్రగా కమిలినా "సల్లగున్నయిరా" అని కసిరేవాడు. చాదస్తమనుకుని విసుక్కునేవాణ్ని.

మొన్న నా బకెట్లో మా ఆవిడ మోచేయి ముంచి చటుక్కున లాక్కుంది. "ఏందయ్యా, తోలు ఊడదీసుకుంటవా?"

నాకేమో గోరువెచ్చగానే ఉన్నాయి. ఆమె రెండు చెంబుల చన్నీళ్లు కలిపి పోయింది. వణుక్కుంటూ అవే పోసుకున్నాను.