కుర్చీలిచ్చి తలుపేసుకున్నాను

ఐర్లండ్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు ముందు నాకే ఫోన్ చేస్తారు. ఎక్కడికి వెళ్లాలో, దేనికెంత సేపు పడుతుందో ఓపిగ్గా చెప్తాను. డబ్లిన్‌లో దిగితే ట్రినిటీ కాలేజీకి వెళ్లండి, పన్నెండు వందల ఏళ్ల కిందట క్రైస్తవ సన్యాసులు దూడతోలు మీద రాసి రంగులు దిద్దిన బుక్ ఆఫ్ కెల్స్ అక్కడుంది అంటాను. మీత్ కౌంటీలో న్యూగ్రేంజ్ సమాధి చూడండి, గీజా పిరమిడ్ల కంటే పాతది, డిసెంబరులో పగలు బాగా కురచైన రోజుల్లో పొద్దుటి ఎండ గుమ్మం మీది కంతలోంచి దూరి లోపలి గది దాకా పాకుతుంది అంటాను. నేనుండే క్లేర్ కౌంటీకి వస్తే మోహర్ కొండ అంచులు ఉండనే ఉన్నాయి. అట్లాంటిక్ సముద్రం మీదికి నిట్టనిలువుగా లేచిన గోడ, ఒకచోట 214 మీటర్ల ఎత్తు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పే నేను ఇన్నాళ్లూ వాళ్లలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నా పక్కింటి పెద్దావిడ పోతే నేను వెళ్లలేదు. ఊళ్లోనే ఉన్నాను, అంత్యక్రియల రోజు ఆఫీసుకు సెలవు కూడా పెట్టుకుని ఉన్నాను, సంగతి తెలిసి కూడా వెళ్లలేదు.

నా ఇల్లు ఎనిస్‌లో, పని షానన్‌లో. ఆవిడ ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను దిగింది జనవరిలో, నాలుగున్నరకే చీకటి పడే రోజుల్లో. మర్నాడు పొద్దున ఆవిడే గేటు దగ్గరికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఏ వారం ఏ చెత్తబుట్ట బయట పెట్టాలో చెప్పింది. స్నానానికి నీళ్లు కాచే ఇమ్మర్షన్ స్విచ్ మర్చిపోయి పడుకుంటే కరెంటు బిల్లు ఎంతొస్తుందో చెప్పింది. స్టాపులో ఊరికే నిలబడితే బస్సు ఆగదు, చెయ్యి చాపాలి, దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పకుండా దిగకూడదు అంది. టీ తాగుతావా అని అడిగింది. వద్దన్నాను. మళ్లీ అడిగింది. మొహమాటంతో మళ్లీ వద్దన్నాను. మూడోసారి అడగడం మానేసి కప్పు చేతిలో పెట్టింది. ఇక్కడ రెండుసార్లు కాదనడం, మూడోసారి పుచ్చుకోవడం పద్ధతి. మన ఇళ్లలోనూ అంతేగా.

ఆ టీతో పాటు ఆవిడ చేసిన బ్రౌన్ బ్రెడ్ ఉండేది. ముడి గోధుమ పిండిలో మజ్జిగ, వంటసోడా కలిపి, ఎక్కువ పిసక్కుండా గుండ్రంగా చేసి, మీద కత్తితో సిలువ గాటు పెట్టి కాలుస్తారు. ఈ దేశపు తేమకు పండే గోధుమ మెత్తనిది, దానికి ఈస్ట్ కంటే సోడానే నప్పుతుంది. వేడి వేడి ముక్క మీద వెన్న అంగుళం మందాన రాసి ఇచ్చేది. నేను షానన్ వెళ్లే దారిలో లాటూన్ దగ్గర రోడ్డు పక్కన కంచె వేసిన ముళ్లచెట్టు గురించి చెప్పింది కూడా ఆవిడే. 1999లో కొత్త రోడ్డు వేస్తూ ఆ చెట్టు కొట్టేయబోతే, ఎడ్డీ లెనిహన్ అనే జానపద కథకుడు అది దేవతల చెట్టు, ముట్టుకోవద్దని పట్టుబట్టాడు. చెట్టును వదిలేసి రోడ్డు వేశారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు, నన్ను నవ్వనివ్వలేదు.

2024 జూలైలో ఈ దేశపు ఆట హర్లింగ్ ఫైనల్లో క్లేర్ జట్టు కార్క్ జట్టు మీద అదనపు సమయంలో ఒక్క పాయింటు తేడాతో గెలిచిన రోజు ఆవిడ టీవీ ముందే ఉన్నాను. డబ్లిన్‌లో ఎనభై వేల మంది పట్టే క్రోక్ పార్కు నిండిపోయింది. అంత ఆట ఆడిన వాళ్లకు జీతం లేదని, మర్నాడో ఆ మర్నాడో బడికో పొలానికో ఎవరి పనికి వాళ్లు పోతారని అప్పుడే విన్నాను. ఆట అయ్యాక ఆవిడ కళ్లు తుడుచుకుని, ఎప్పటిలాగే అడిగింది: "అమ్మకు ఫోన్ చేశావా?"

ఎప్పుడు కనిపించినా ఆ ప్రశ్న వేసేది. ఎందుకు వేసేదో ఒకసారి చెప్పింది. 1845లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి మొదలైన కరువు ఏడేళ్లు నడిచింది. పది లక్షల మంది పోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ఆ తర్వాత కూడా వందేళ్లకు పైగా ఈ పడమటి కౌంటీల్లోంచి పిల్లలు పోతూనే ఉన్నారు. ఎవరైనా అమెరికా బయల్దేరితే ముందు రోజు రాత్రి ఇంటినిండా జనం చేరి తెల్లవార్లూ మేలుకునేవాళ్లు. దాన్ని అమెరికన్ వేక్ అనేవాళ్లు, వేక్ అంటే ఇక్కడ చనిపోయిన మనిషి దగ్గర మేలుకుని కూర్చోవడం. వెళ్లినవాడు మళ్లీ కనపడడనే లెక్క. ఆవిడ అన్నలు, ఆ తర్వాత ఆవిడ పిల్లలు అలా దాటినవాళ్లే. దూరాన కొడుకున్న తల్లి ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. అందుకే నా తల్లిని అడిగేది.

నవంబరులో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా వీధి పొడుగునా కార్లున్నాయి. ఆవిడ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, గుమ్మం దగ్గర నుంచి గేటు దాకా మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. నాకు అర్థమైంది. ఇంట్లోకి వచ్చి దీపం వేసుకోకుండా కూర్చున్నాను. కాసేపటికి ఎదురింటాయన తలుపు కొట్టాడు. "కుర్చీలేమైనా ఉన్నాయా, వాళ్లకు చాలడం లేదు" అన్నాడు. వంటింట్లోంచి నాలుగు కుర్చీలు తెచ్చి ఇచ్చాను. ఆయన రెండు పట్టుకుని, మిగతా రెండింటి వైపు, నా వైపు చూశాడు. నేను వాటిని గేటు దాకా మోసి, అక్కడ ఇంకొకరి చేతికిచ్చి, వెనక్కి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఎందుకని అప్పుడెవరైనా అడిగుంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తెల్లవాళ్లకు ఎవరి గడప వాళ్లది, పిలవని ఇంటికి వెళ్లడం మర్యాద కాదు, దుఃఖంలో ఉన్నవాళ్లను వాళ్ల మానాన వదిలేయాలి. ఇది నాకెవరూ చెప్పలేదు. సినిమాల్లో చూసిందీ ఇతర దేశాల్లో ఉన్న స్నేహితులు చెప్పిందీ కలిపి నా మనసులో ఒక తెల్లమనిషిని తయారు చేసుకుని, నాకు కప్పు చేతిలో పెట్టిన మనిషికి కూడా ఆ ముఖమే తగిలించాను. ఇంకొంచెం లోపలికి వెళ్లి చూసుకుంటే మర్యాద ఒక సాకు. అంతమంది తెలియని ముఖాల మధ్యకు వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డాను. మర్నాడు డబ్లిన్ నుంచి స్నేహితులు వస్తున్నారు, తిరగడానికి అన్నీ అనుకుని ఉన్నాం, అది పాడవుతుందన్న ఆలోచన కూడా లోపల ఉంది. దాన్ని దాచను.

నేను పుట్టి పెరిగింది మదనపల్లెలో. మా ఊళ్లో చావుకు ఎవరూ ఎవర్నీ పిలవరు. పెళ్లికి పిలవకపోతే అలుగుతాం. చావు కబురు చెవిన పడితే మాత్రం చేస్తున్న పని వదిలేసి చెప్పులేసుకుంటాం. ఇంకొకటి కూడా ఉంది. ఐర్లండ్ పేరు నాకు బడి రోజుల నుంచే తెలుసు. రాస్కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్లో 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ మా ఊళ్లో ఉండేది. ఆవిడ భర్త అక్కడి దివ్యజ్ఞాన సమాజం కాలేజీకి ప్రిన్సిపాల్. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి జనగణమన పాడి వినిపిస్తే దానికి స్వరాలు రాసిపెట్టింది ఆవిడ. ఈ దేశపు మనిషి ఒకావిడ మా ఊరికి వచ్చి ఊరి మనిషైంది. నేను ఆవిడ దేశానికి వచ్చి పక్కింటి గడప దాటలేకపోయాను.

మర్నాడు పొద్దున స్నేహితులు రాగానే బరెన్ వైపు వెళ్లాం. కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాయి పలకలు, వాటి పగుళ్లలో గడ్డి. అక్కడ పోల్నబ్రోన్ అనే చోట నిలువురాళ్ల మీద ఒక పెద్ద బండ ఒరిగి ఉంటుంది. ఐదువేల ఏళ్లు దాటిన సమాధి. 1980లలో తవ్వినప్పుడు ముప్పై మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి, పసిపిల్లలవి కూడా. నేను స్నేహితులకు అదంతా వివరించి చెప్పాను. నా పక్కింటి మనిషిని చర్చికి తీసుకెళ్లే వేళకు నేను ఆ రాళ్ల దగ్గర నిలబడి, పేరు కూడా తెలియని చనిపోయినవాళ్ల గురించి మాట్లాడుతున్నాను. ఆ తర్వాత మోహర్ వెళ్లాం, ఫొటోలు తీసుకున్నాం. ఆ ఫొటోలు ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నాయి, ఎవరికీ చూపించను.

ఆ వారంలోనే కుర్చీలు తిరిగొచ్చాయి. తెచ్చింది ఆవిడ కూతురు, తల్లి కోసం విదేశం నుంచి వచ్చింది. నాలుగూ తడిగుడ్డతో తుడిచి ఉన్నాయి. పైన ఒక పళ్లెం, దాని మీద రేకు కప్పి పళ్లు వేసి చేసిన కేకు. "మీ కుర్చీలు చాలా పనికొచ్చాయి" అంది. "నీ గురించి అమ్మ ఫోన్లో చెప్తుండేది. అమ్మకు ఫోన్ చేసే అబ్బాయి అనేది." ఎందుకు రాలేదని అడగలేదు. ఈ దేశంలో అలాంటివి అడగరు.

ఆఫీసులో పక్క సీటాయనకు ఈ సంగతి చెప్తే ఆయన పని ఆపేసి నా వైపు తిరిగాడు. కంప్యూటర్‌లో ఆర్‌ఐపీ డాట్ ఐఈ తెరిచి ఆవిడ పేరు వెతికి చూపించాడు. దేశంలో ఎవరు పోయినా అందులో వేస్తారు, పొద్దున పేపరు చూసినట్టు జనం అది చూస్తారు. ఊరి రేడియోలో కూడా చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు, ఆ కాసేపు మా ఆఫీసులో మాటలు ఆగిపోవడం నేను రోజూ గమనించినవాణ్నే. ఏ ఇంట్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా చూడొచ్చో ఆ ప్రకటనలో ఉంటుంది. ఇంటివాళ్లు తాము మాత్రమే ఉండాలనుకుంటే ఆ ముక్క రాస్తారు. ఆవిడ ప్రకటనలో అలాంటి ముక్క లేదు. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఇంట్లోనే అని ఉంది. "ఇదే పిలుపు. ఇంతకంటే ఎవరూ పిలవరు" అన్నాడాయన.

వేక్ ఎలా జరుగుతుందో ఆయన చెప్పగా విన్నాను, తర్వాత చాలా ఇళ్లలో చూశాను. ముందుగదిలో మూత తీసిన పెట్టెలో మనిషి, మంచి బట్టలు వేసి, చేతివేళ్లకు జపమాల చుట్టి. పక్కన ఇంటివాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, సారీ ఫర్ యువర్ ట్రబుల్ అంటారు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అనేది ఆ నాలుగు మాటలే. కొత్తగా ఏమైనా చెప్పాలని ఎవరూ ఎదురుచూడరు. పెట్టె దగ్గర కాసేపు నిలబడి, పోయిన మనిషి చేతిని తాకి, వంటింట్లోకి వెళ్తారు. వంటింట్లో పొయ్యి ఆరదు, ఎవరింటి నుంచి వచ్చాయో తెలియని టీ కెటిల్స్, కప్పులు, త్రికోణాలుగా కోసిన శాండ్‌విచ్‌లు. ఇంటివాళ్లను ఎవరూ పొయ్యి దగ్గరికి రానివ్వరు, అంతా ఇరుగుపొరుగే చూసుకుంటారు. అక్కడ పోయిన మనిషి కథలు చెప్పుకుంటారు, నవ్వుతారు కూడా. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ప్రాణం పోయిన ఘడియకు గడియారం ఆపి, అద్దం మీద గుడ్డ కప్పుతారు. పోయిన మనిషిని ఒంటరిగా వదలరు. రాత్రంతా ఎవరో ఒకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ రాత్రి నా కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.

ఇక్కడ మనిషి పోయిన నెలకు చర్చిలో మళ్లీ పూజ చేయిస్తారు. మనం మాసికం పెట్టినట్టే. మంత్స్ మైండ్ అంటారు. దానికి వెళ్లాను. వెనక బెంచీలో కూర్చున్నాను, పూజ అయ్యాక కూతురి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని ఆ నాలుగు మాటలూ అన్నాను. ఆ రోజు భయపడి రాలేదని, మీరు పిలవలేదు కాబట్టి రాకూడదనుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "నువ్వు వస్తావేమోనని చూశాం" అంది. అంతకంటే ఏమీ అనలేదు. తర్వాత అందరూ ఆ ఇంటికి వెళ్తుంటే నన్నూ తీసుకెళ్లింది. అదే వంటిల్లు, అదే కెటిల్. బ్రౌన్ బ్రెడ్ మాత్రం అంగట్లో కొన్నది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆర్‌ఐపీ డాట్ ఐఈ పేజీ చూస్తాను. మొన్న మా ఆఫీసులో ఒకాయన తండ్రి పోయాడు, కిల్‌రష్ దగ్గర పల్లె. కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "మనల్ని పిలవలేదు కదన్నా, వెళ్తే ఏమనుకుంటారో" అన్నాడు. కోటు వేసుకోమని కారు తీశాను. దారి పొడుగునా చెప్తూ వెళ్లాను: వరసలో నిలబడు, ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ చెయ్యి కలుపు, పోయినాయన దగ్గర కాసేపు ఆగు, ఆ తర్వాత వంటింట్లోకి పద, అక్కడ టీ ఇస్తారు, తాగకుండా మాత్రం రావద్దు.