జెండా పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వెల్దుర్తి అనగానే పాఠకుడు కర్నూలు బండెక్కకూడదు, మెదక్ బస్సూ ఎక్కకూడదు. ఇది మాచర్ల పక్కనున్న పల్నాటి వెల్దుర్తి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా పుట్టేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. మిరప, పత్తి పండే నేల. 2004 మే 14న ఉచిత విద్యుత్ దస్త్రం మీద ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సంతకం పెట్టాక బోరు మోటారుకు బిల్లు బెంగ తీరింది గానీ, మూడు ఫేజుల్లో ఒకటి ఎగిరితే మోటారు కాలిపోతుందన్న బెంగ తీరలేదు. ఆ సంగతి కనిపెట్టి మోటారును ఆపే బోర్డొకటి చేద్దామని, ఇంజినీరింగ్ చదివిన ఒక కుర్రాడు ఈ ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకోండి. సర్క్యూట్లు గీసే కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీశాడు, తీగలన్నీ కలిపాడు, తనిఖీ బొత్తాం నొక్కాడు. తరువాతి కథే ఈ పద్యం. కవి ఎవరో నిర్ణయించడం కష్టం. టీకాకారుడే అయి ఉండవచ్చునని కొందరి అనుమానం.

మూలం

జాకు పిన్నుఁ జూడ జడమంచు నెంచును
చిప్పు పిన్ను దాని సిరినిఁ గోరు
నిచ్చువాడు లేక యెట్లుండునని యేడ్చు
జెండ నాటినపుడె సేద దీరు

ప్రతిపదార్థం

జాకు పిన్నున్ = అడాప్టరు గుచ్చే జాకు తాలూకు పిన్నును; చూడన్ = చూడగా; జడము అంచున్ = పాసివ్ అని; ఎంచును = లెక్కగట్టును; చిప్పు పిన్ను = 12 వోల్టులను 5 చేసే 7805 రెగ్యులేటరు ఒకటో కాలు; దాని సిరినిన్ = ఆ జాకు తెచ్చే 12 వోల్టులను; కోరున్ = అడుగును; ఇచ్చువాడు లేక = పవర్ అవుట్‌పుట్ అని రాసిపెట్టిన పిన్ను ఆ తీగ మీద ఒక్కటీ కానరాక; ఎట్లుండునని = ఇదెట్లా కుదురుతుందని; ఏడ్చున్ = బాణం గుర్తు పెట్టి తప్పు చూపించును; జెండ నాటినపుడె = ఆ తీగకు పవర్ ఫ్లాగ్ తగిలించినప్పుడే; సేద దీరున్ = శాంతించును.

ఇంతకీ ఎంచేదెవరు, ఏడ్చేదెవరు? కర్త పద్యంలో లేడు. ఈఆర్‌సీ, అనగా ఎలక్ట్రికల్ రూల్స్ చెకర్, అని అధ్యాహారం చేసుకోవాలి. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథ సూరి ఇలాంటి పద్యం చేతికొస్తే ఏం చేసేవాడో!

తాత్పర్యం

అడాప్టరు గోడకుంది, అందులోంచి 12 వోల్టులు వస్తాయి. ఇది కుర్రాడికి తెలుసు, వాళ్లమ్మకూ తెలుసు. తెలియనిది బొమ్మకే. స్కీమాటిక్‌లో, అంటే ఆ బొమ్మలో, ప్రతి పిన్నుకూ ఒక జాతి రాసి ఉంటుంది. 7805లో ఒకటో కాలు, గ్రౌండుకు పోయే రెండో కాలు పవర్ ఇన్‌పుట్, అంటే పుచ్చుకునేవి. మూడోది పవర్ అవుట్‌పుట్, ఇచ్చేది. జాకు సంగతి వేరు. దాంట్లోంచి కరెంటు లోపలికి వస్తుందో బయటికి పోతుందో భాగాల గుర్తుల లైబ్రరీ రాసినవాడికి ముందుగా తెలియదు కనుక పాసివ్ అని రాసి ఊరుకున్నాడు. ‘+12 వోల్టులు’ అని పైకి బాణంలా నిలబెట్టే గుర్తున్నది చూశారూ, అది ఉత్త పేరే. దాని జాతి కూడా పవర్ ఇన్‌పుట్టే! పుచ్చుకునేవాళ్లు ఇద్దరు, మధ్యలో ఒక జడుడు, ఇచ్చేవాడు సున్నా. ఈఆర్‌సీ ఏడవక ఏం చేస్తుంది? 5 వోల్టుల తీగ మీద మాత్రం కిక్కురుమనదు, అక్కడ 7805 మూడో కాలు ఉంది గనుక.

జెండా అంటే కరెంటు అనుకునేరు. దానికి బోర్డు మీద చోటు అక్కర్లేదు, సోల్డరూ అక్కర్లేదు, కొనాల్సిన సామాన్ల పట్టీలో దాని పేరుండదు. బ్యాంకు అప్పుకు పెట్టే హామీ సంతకం లాంటిది: డబ్బు తేదు, ఉన్నదని పూచీ పడుతుంది.

పూర్వపక్షం

‘గ్రౌండుకు కూడా జెండా ఏమిటి? భూమికి ఎవడు పూచీ?’ అని శిష్యుడి ప్రశ్న. బొమ్మలో గ్రౌండు గుర్తు భూదేవి కాదు నాయనా, అదీ పవర్ ఇన్‌పుట్ జాతి పిన్నే. కాబట్టి ఈ బోర్డులో ఏడుపులు రెండు, 12 వోల్టులకొకటి, గ్రౌండుకొకటి. జెండాలూ రెండే. జాకు తర్వాత ఫ్యూజు పెడితే మాత్రం ఫ్యూజు అవతల తీగ వేరే నెట్టు, అంటే వేరే తీగల గుంపు, అవుతుంది. 12 వోల్టుల గుర్తు అవతల ఉంటే జెండా కూడా అవతలే నాటాలి, జాకు పక్కన నాటి లాభం లేదు.

‘అయితే అన్ని తీగలకూ తలా ఒకటి నాటేస్తే పోలా?’ పోదు. 7805 మూడో కాలున్న తీగ మీద నాటితే, ఇచ్చేవాళ్లు ఇద్దరెందుకున్నారని ఈఆర్‌సీ ఇంకో ఏడుపు ఎత్తుకుంటుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. తీగ నిజంగానే పిన్ను కొసకు అందక, కొసన చిన్న సున్నా మిగిలిపోయిందనుకోండి. సున్నా ఉన్నదంటే అంటలేదని అర్థం. అలా తెగిన ముక్కకు జెండా నాటితే ఇచ్చేవాడు లేడన్న ఏడుపు ఆగుతుంది, చిప్పుకు మాత్రం కరెంటు రాదు. టీకాకారుడి అభిప్రాయం ఏమిటంటే, తీగను జాకు దాకా వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్లి చూసిన తర్వాతే జెండా మీద చెయ్యి వెయ్యాలి.

విశేషాలు

ఇది ఆటవెలది. నాలుగో పాదంలో జె–సే లకు యతి. పాసివ్‌ను జడమనడం కవి చమత్కారం. ఆ జడుడి వల్లే బోర్డంతా బతకడం విరోధాభాసం.

కీక్యాడ్‌ను 1992లో మొదలుపెట్టినవాడు ఝాన్-పియర్ షర్రా అనే ఫ్రెంచి అధ్యాపకుడు. తరువాత జెనీవా దగ్గరి సెర్న్ వారూ చెయ్యి కలిపారు. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది గనుక వెల్దుర్తి దాకా వచ్చింది.

కీక్యాడ్ పాత లైబ్రరీలలో 7400 వంటి చిప్పులకు కరెంటు కాళ్లైన 14, 7 కాళ్లు కనపడకుండా ఉండేవి. వాటికి తీగ లాగే పని లేదు, 14వది వీసీసీ అనే పేరున్న నెట్టుకు, 7వది గ్రౌండు నెట్టుకు తమంతట తామే చేరేవి. పిన్ను పేరు వీసీసీ అయి, మనవాడు తీగకు ‘+5 వోల్టులు’ అని పేరు పెట్టుకుంటే రెండూ కలవవు. అందుకే ఇప్పటి వాటిలో కరెంటు కాళ్లను వేరే భాగంగా విడదీసి కళ్లెదుటే పెట్టారు. ఇది మంచి పని.

పాఠాంతరం

నాలుగో పాదానికి ‘గుర్తు చెరిపినపుడె కునుకు పట్టు’ అని కొందరి పాఠం. ఛందస్సుకు లోటు లేదు, గు–కు యతి కూడా కుదిరింది. అయినా గ్రాహ్యం కాదు. ఆ తప్పు చూపే బాణం గుర్తు చెరిపినా, తనిఖీ మళ్లీ నడిపితే అది అక్కడే మొలుస్తుంది.