కొనేముందు ఎవరినడగాలి: కొన్ని ఖాయమైన సూచనలు

కొత్త టీవీయో ఏసీయో కొనదలచినవాళ్లు ముందు ఏది కొనాలో మనసులో ఖాయం చేసుకోవాలి. సలహా అడగడం ఆ తర్వాతి పని. మనం అనుకున్న మోడల్‌ను కాదన్నవాడికి ఏమీ తెలియదని తేల్చేసి, భేషన్నవాడు దొరికేదాకా అడుగుతూ పోవాలి. అలా దొరికినవాడు బావమరిదైతే మరీ మేలు. రేపు తెర మీద గీతలు పడితే ‘నువ్వు చెప్పావనేగా కొన్నాం’ అనడానికి మనిషి ఉంటాడు. ఆ మాటకు వారంటీ కార్డులా గడువు కూడా ఉండదు. నిజం చెప్పుకోవాలంటే, మనలో చాలామంది సలహా పేరుతో వెతుక్కునేది పూచీదారునే.

హైదరాబాద్ అబిడ్స్ షోరూముల్లో పలకరించే కుర్రాడిని పూర్తిగా నమ్మండి. అతను చాలాసార్లు ఏదో ఒక కంపెనీ తరఫున నిలబడ్డ మనిషని గుర్తు చేసుకోకండి. అక్కడ టీవీలు కళ్లు చెదిరే వెలుగులో ఆడుతుంటాయి; అది దుకాణం కోసం పెట్టిన సెట్టింగని అడగనూ వద్దు. నాంపల్లి నుమాయిష్‌లో డెమో చూసి కొనేవాళ్లకు ఒకే సూచన: 1938 నుంచీ ఉన్న ఆ ప్రదర్శన మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15న ముగుస్తుంది, మిక్సీ ఆ లోపే చెడిపోయేలా చూసుకోండి. ఇక ఆన్‌లైన్ రివ్యూలంటారా, వాటికోసం 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఒక ప్రమాణమే రాయాల్సి వచ్చింది.

మరి రిపేరువాడి మాట? లాభాపేక్ష లేనిది కదా అంటారు. జగదీశ్ మార్కెట్‌లో మెకానిక్‌ను ‘ఏ ఫోన్లు ఎక్కువ పాడవుతాయి’ అని అడిగితే నిజాయితీగానే చెబుతాడు. కానీ అతని బల్ల మీదికి వచ్చేవన్నీ పాడైనవే. ఊళ్లో ఎక్కువ అమ్ముడైన ఫోనే అక్కడికీ ఎక్కువ వస్తుంది. చెడకుండా నడుస్తున్నవెన్నో అతనికి కనబడవు. అలాగని అతనికేమీ తెలియదనడమూ తప్పే. ‘దీని డిస్‌ప్లే పగిలితే ఒరిజినల్ దొరుకుతుందా, ఎంతవుతుంది’ అని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతాడు. రోజూ కొనే సరుకది. ఏది మంచిదో ఎవరూ చెప్పలేరు గానీ, ఎవరి చోటు నుంచి వాళ్లకు ఒక్కో ముక్క స్పష్టంగా తెలుస్తుంది. అదే కంపెనీ ఏసీ వాడుతున్న పక్కింటాయనకు, ఫిర్యాదు చేశాక సర్వీసు మనిషి ఎన్ని రోజులకొచ్చాడో తెలుసు. ఏ మోడల్ స్టాకు లేదో, ఏది వదిలించుకోవాలని చూస్తున్నారో షోరూం కుర్రాడికి తెలుసు. ఈ చిన్న ప్రశ్నలే మనం అడగం, ఎందుకంటే జవాబులన్నీ కూడుకున్నాక నిర్ణయం మన నెత్తినే పడుతుంది.

ఎవరి పక్షమూ వహించని సలహాదారు ఒకటి ప్రతి ఏసీ మీదా అతికించే ఉంటుంది. ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) లేబుల్. ఏడాదికి 1,600 గంటలు నడిపితే ఎన్ని యూనిట్లు కాలతాయో దానిమీద ఉంటుంది. మన వాడకం ఎక్కువైతే ఆ మేరకు పెంచుకోవాలి, అంతే. నక్షత్రాలు లెక్కపెట్టి ఆ అంకె చదవకుండానే బిల్లు కౌంటరు వైపు నడుస్తాం. బిల్లు పేలినప్పుడు లేబుల్‌కు ఫోన్ చేసి తిట్టలేం కదా!