ఎంగిలి రాజసము

హిందూపురము మొదలు ధర్మవరము వరకు కల్యాణమండపములన్నిటను విస్తరాకునకు బహిష్కారము ప్రకటింపబడినది. బంగారు అంచు గల ఫ్రెంచి పింగాణి పళ్ళెరములో వడ్డింపని విందు విందే కాదని పెనుకొండ పెండ్లిపెద్దలు సైతము ఒప్పుకొనిరి. "మహారాజులు తిన్న పళ్ళెరముల మోస్తరివి, సామీ!" అని అద్దెకిచ్చువాడు చెప్పగనే వారి మీసములు పైకి లేచుచున్నవి.

ఆ మహారాజెవరో చూతము. ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ 1783లో తన సొంత సేవ్రు పింగాణి కార్ఖానాకు ఒక భోజనపాత్రల వరుసను పురమాయించెను. ముదురు నీలము, దట్టముగ బంగారము, నడుమ పురాణగాథల చిత్రములు; ముగియుటకు ఇరువది యేండ్లకు పైబడునని లెక్క. ఆకలికిని పళ్ళెరమునకును నడుమ అంత యెడము సహింపగలవాడు నిజముగ మహారాజే. మన లేపాక్షి చిత్రకారులు, పాపము, అనాగరికులు; దేవతలను పైకప్పున చిత్రించి మనచేత తలయెత్తించిరే గాని, వారి మొగముమీద పులుసు పోయించు సొగసు నెఱుగరైరి.

ఇక ఎంగిలి మాట. 1793లో, ఫ్రెంచి విప్లవమున, ఆ రాజు తల తెగెను, పళ్ళెరముల వరుస అసంపూర్ణముగ నిలిచెను. 1811లో, తరువాత నాలుగవ జార్జియైన ఆంగ్లయువరాజు, ఆ మిగిలినవానిని ముచ్చటపడి కొనెను. పొరుగింటి గ్లాసును పెదవికి తాకింపక ఎత్తి త్రాగు మన యిల్లాండ్రు ఈ కంచములకు వారసులమని పొంగిపోవుచున్నారు. తల పోయినవాని కంచము, అప్పులలో మునిగినవాని బీరువా, ఆపైన మన పెండ్లి పంక్తి! ఈ వంశవృక్షమునకు సాటి యేది?

ఆ లూయీ కొలువునకే 1788 ఆగస్టులో, ఆనాడు ఈ సీమను సైతము ఏలుచుండిన టిప్పు సుల్తాను రాయబారులు వెర్సేల్స్ పోయి, ఆంగ్లేయులపై సైన్యసాహాయ్యము నర్థించిరి. లభించినవి సేవ్రు పింగాణి మొదలగు కానుకలు, తీయని మాటలు. 1792లో టిప్పు ఆంగ్లేయులతోడి యుద్ధమున ఓడి, సగము రాజ్యమును వదలి, 3 కోట్ల 30 లక్షల రూపాయల దండుగకు ఒడంబడి, కుమారుల నిరువురను తాకట్టుగ శత్రువుల కప్పగింపవలసి వచ్చెను. ఉప్పుమీద పన్ను పిండి తన ప్రజల నేడిపించిన దొర, సేన నడిగినవారికి పింగాణి నిచ్చి పంపిన దొర, మనకు రాజసము నేర్పవలెనా? సిగ్గుమాలిన పని! ధర్మవరము నేతగానిని పట్టుచీరె వెలలో నూఱు రూపాయలు తగ్గింపుమని పూటంతయు వేధించిన పెద్దమనిషియే ఈ కంచముల అద్దెను బేరమాడకయే చెల్లించుచున్నాడు.

హంసలవలె మడచిన చేతిగుడ్డల సంగతి నేనెత్తను.

గోరు తగిలిన బంగారుపూత పోవునట. కనుక రాగిసంగటి నిషిద్ధము, ఊరుబిండి నిషిద్ధము, ఓళిగను సైతము చెంచాతో తినవలెను. ఇంటి యజమానుడు "ఇంకొక్కటి వేయించుకొనుడు" అని కొసరుట మాని, చేతులు కడుగు తావున నిలిచి కంచములు లెక్కపెట్టుచున్నాడు.