చెప్పుల సంబంధం

ఉగాదికి ముందు ఒక జత చెప్పులు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి బిల్లు కొడుతూ "నంబర్ చెప్పండి సార్" అంది. "ఎనిమిది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అడిగింది కాలి నంబరు కాదట.

ఫోన్ నంబరిస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ఆ సంగతి ఎత్తబోయాను. వెనక క్యూలో ఒకాయన గట్టిగా దగ్గాడు. పదంకెలూ అప్పజెప్పేశాను.

ఇక అప్పట్నుంచీ రోజుకో మెసేజ్. మమ్మల్ని మరిచిపోయారా అని ఒకటి. మీ పాయింట్లు ఈ రాత్రితో చెల్లిపోతున్నాయి అని ఒకటి, మైల పట్టమన్నట్టు. మూడు జతలు కొంటే నాలుగోది ఉచితమని నిన్న వచ్చింది. జెర్రికి పంపాల్సింది పొరపాటున నాకొచ్చినట్టుంది.

మా మేనల్లుడు మార్కెటింగ్‌లో ఉన్నాడు. "కొత్తవాణ్ణి పట్టుకోడానికి బోలెడు ఖర్చు మామయ్యా, పాతవాడి నంబరు చేతిలోనే ఉంటుంది" అన్నాడు. ఇటలీలో నేల చాలావరకు కొద్దిమంది చేతుల్లోనే ఉందని పరేటో అనే ఆయన ఎప్పుడో లెక్క తీశాడట. దాన్ని పట్టుకుని, నూటికి ఎనభై వంతుల అమ్మకం ఇరవై మంది పాత ఖాతాదార్ల వల్లేనని వీళ్లు జపం చేస్తారు. ఆ ఇరవై మందిలో నేనున్నాను. ఒక్క జతతో!

1909కి ఫోన్ చేసి ఈ గోల వద్దని నమోదు చేసుకున్నాను. అయినా మెసేజ్‌లు ఆగలేదు. ఎందుకని అడిగితే మేనల్లుడు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి 2018 నిబంధనలు తీసి చూపించాడు. నోటితో ఒప్పుకోకపోయినా, ప్రవర్తనను బట్టో సంబంధాన్ని బట్టో ఊహించుకోదగ్గ సమ్మతి అని ఒకటుంది అందులో. అది ఏ మెసేజ్‌కి వర్తించాలన్నది వేరే సంగతి. నాకు మాత్రం పాతకాలపు పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. పిల్ల తలొంచుకుంటే ఒప్పుకున్నట్టే. చెప్పులు తొడిగి చూసుకునేటప్పుడు నేనూ తలొంచుకున్న మాట నిజమే.

అసలు పాత బేరాన్ని నిలుపుకోవడం మనకెవరూ నేర్పక్కర్లేదు. మనకు కొసరు ఉంది. పూలావిడ మూర కొలిచాక ఇంకో నాలుగు వేళ్లు కలిపి తుంచుతుంది. పాలాయన లీటరు పోశాక గిన్నెలోకి ఇంకో ధార వదుల్తాడు. కూరగాయల మీద కరివేపాకు రెబ్బ సరేసరి. దీనికో మర్యాద ఉంది: నోరు తెరిచి అడక్కూడదు, అడక్కుండా కదలకూడదు. మా అమ్మ గోంగూర కొన్నాక డబ్బులిచ్చి, సంచి మూసుకోకుండా, ఆకాశం వంక చూస్తూ నిలబడేది. వాన గురించి ఒక మాట. అమ్మేవాళ్ల కోడలి గురించి ఒక మాట. ఎండలో నా అరికాళ్లు చుర్రుమంటుండేవి. చివరికి ఇంకో కట్ట సంచిలో పడేది. "అయ్యో, ఎందుకమ్మా" అనేది మా అమ్మ, సంచి మూసేస్తూ. ఆ ఎందుకమ్మాలో ఎంత నటన ఉండేదో! అన్నం దగ్గర కొసరి కొసరి వడ్డించడం కూడా ఈ మాటే. పాయింట్లను కొసరి కొసరి వడ్డించమనండి చూద్దాం. ఆరు నెలలు దాటితే విస్తరి లాగేస్తారు.

మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్ మా వాడికి చిన్నప్పుడు ప్రతిసారీ బెల్లంముక్క పెట్టేవాడు. ఇరవై ఏళ్లు అక్కడే సరుకులు. పోయినేడు ఫోన్‌లో కందిపప్పు కిలోకి పదకొండు రూపాయలు తక్కువని చూశాను. అంతే, మానేశాను. ఇప్పుడు అటు వెళ్లాల్సొస్తే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడుస్తున్నాను.

నిన్న సాయంత్రం ఎదురుపడనే పడ్డాడు. బాబాయ్ దగ్గర నా నంబరు లేదు. పద్దు పుస్తకంలో నా పేరున నూట ఎనభై బాకీ మాత్రం ఉంది. ఆ ఊసెత్తలేదు.

"కనబడ్డం లేదు, ఊళ్లో లేరా?" అన్నాడు.

సరుకుల కంపెనీ సంచి వీపు వెనక్కి పెట్టుకుని, "లేను బాబాయ్, ఇవాళే వచ్చాను" అన్నాను.