ఫార్మాటన్న

ఫోన్లోని పాట మైకుసెట్టులో పలక్కపోతే మా చిప్పగిరిలో జనం ఫార్మాటన్న ఇంటిదారి పడతారు. పనైతే కాదు గానీ జ్ఞానం మాత్రం దండిగా వస్తుంది.

కార్తీక శుద్ధ దశమి దగ్గరపడింది. 1755లో ఇక్కడే దేహం చాలించిన విజయదాసుల ఆరాధన అది. భజన పెద్దాయన ఒకరు పెన్‌డ్రైవ్ తెచ్చాడు. ఫోన్లో రికార్డు చేసిన దాసరపదాలు, అన్నీ ఎం4ఏ ఫైళ్లు. మైకుసెట్టు పెట్టె ఎంపీ3 తప్ప ముట్టదు.

"మార్చి ఇయ్యప్పా. మొదట్లో దగ్గులుండాయి, అవి కోసెయ్."

"యా సాఫ్ట్‌వేర్‌లో మార్చమంటావు తాతా?"

"యాందైతే ఏమప్పా?"

అనకూడని మాట అనేశాడు. ఫార్మాటన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆడాసిటీని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. ఉచితం, దగ్గులు కోయడానికి దాన్ని మించింది లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు బటన్లుండవు, నల్లతెర మీద ఒక్క వరుస కొడితే ఫోల్డరంతా మార్చేస్తుంది. సినిమాలు చూసే వీఎల్‌సీ కూడా ఫైళ్లు మారుస్తుంది, సగంమందికి ఆ సంగతే తెలీదు.

చెప్పేవన్నీ నిజాలే, చిక్కంతా అదే. ఉచిత కన్వర్టర్లు చాలావాటి లోపల పనిచేసేది ఆ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగే. ఆదోనిలో ఏ కమీషన్ అంగట్లో కొన్నా అదే పత్తి కదా! ఈ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఒకదాన్ని ఎంచుకుంటే మిగతావి చిన్నబుచ్చుకుంటాయేమోనని అన్నీ ఎక్కించుకున్నాడు. లాప్‌టాప్ తెర మీద వేంకటేశ్వరస్వామికి ఐకాన్ల సందుల్లోంచి కిరీటం ఒక్కటే కనబడుతుంది. ఇలాంటివాళ్లు ఎమ్మిగనూరులోనూ ఉన్నారట. వాళ్ల స్వాముల గతేమిటో!

తర్వాత నాణ్యత ప్రకరణం. "సీడీ నాణ్యతలో వేవ్ ఫైలు నిమిషానికి పది ఎంబీ తాతా. 128 ఎంపీ3 ఒక్కటే ఎంబీ. మిగతా తొమ్మిది యాడికి పోయినట్టు?"

పెద్దాయన పెన్‌డ్రైవ్‌ను అనుమానంగా తిప్పి చూశాడు.

"మళ్లా దాన్ని ఫ్లాక్ చేసినా పోయింది రాదు. అందుకే ముందే ఆలోచించల్ల. 128 పెడదామా, 320 పెడదామా?"

"మా హారన్లు చూసినావా నాయనా? వేపచెట్టుకు కట్టిన పాతవి. దాంట్లో నువ్వేమి పెట్టినా గరగరే."

ఫార్మాటన్న కాసేపు మాట్లాడలేదు. పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టి, బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచాడు.

"అయితే తాతా, ముందు హారన్ ఏ కంపెనీది కొనాలో చూద్దాం."